గేమ్ స్టోర్ల గొడవ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో రిలీజ్ పనులు చూస్తుంటాను. బిల్డ్ (తయారైన గేమ్ ఫైళ్లు) అప్‌లోడ్ చేయడం, స్టోర్ పేజీ సిద్ధం చేయడం, రేటు పెట్టడం, రిఫండ్ రిపోర్టులు చదవడం, ఇదీ నా పని. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గ్రాఫిక్స్ కార్డు కొనడానికి వెళ్లినా, హెచ్‌ఐసీసీలో ఐజీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సు జరిగినప్పుడు స్టాల్ దగ్గర నిలబడినా కుర్రాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "అన్నా, ఆ గేమ్ స్టీమ్‌లో ఎందుకు రాలేదు?" ఇక అక్కడి నుంచి వాదన మొదలు. స్టీమ్ అంటే పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్, ఎపిక్ దానికి పోటీ. ఒకరు ఎపిక్‌ని తిడతారు, ఇంకొకరు యూబీసాఫ్ట్ కంపెనీ లాంచర్ని (గేమ్‌లు కొని తెరిచే సొంత యాప్‌ని) తిడతారు, అన్నీ ఒకేచోట ఉంటే ఏం పోయేదని మరొకరంటారు.

ఏ స్టోర్ మంచిదన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. డబ్బు కట్టాక మన చేతిలో ఏం మిగులుతుంది, రేపు ఆ స్టోరో సర్వరో మూతపడితే ఆ గేమ్ ఏమవుతుంది అన్నది మొదటిది. దాన్ని వదిలేసి లోగోల మీద కొట్టుకుంటున్నాం. అందుకే నాకు ఎక్కువగా వినపడే మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: స్టీమ్ మొదటి నుంచీ ఆటగాళ్ల పక్షమే. మిగతావాళ్లు వచ్చి చెడగొట్టారు.

వాల్వ్ కంపెనీ 2003 సెప్టెంబరులో స్టీమ్‌ని తెచ్చింది తన సొంత గేమ్‌ల కోసమే. ఇవాళ మనం తిట్టుకునే పబ్లిషర్ (గేమ్‌ని విడుదల చేసి అమ్మే కంపెనీ) లాంచర్ లాంటిదే అప్పటి స్టీమ్. 2004 నవంబరులో హాఫ్-లైఫ్ 2 వచ్చినప్పుడు, షాపులో డిస్క్ కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరిచి, నెట్‌కి కనెక్ట్ చేసి యాక్టివేట్ చేసుకుంటేగానీ ఆడలేకపోయారు. మన దగ్గర బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైందే 2005 జనవరిలో. అంతకుముందు చాలా ఇళ్లలో డయలప్పే, నెట్ పెడితే ఫోన్ ఎంగేజ్. అలాంటి రోజుల్లో "ఆడాలంటే ముందు లాగిన్ అవ్వు" అంటే జనానికి ఎంత ఒళ్లు మండి ఉంటుందో ఊహించుకోండి. బయటి కంపెనీల గేమ్‌లు స్టీమ్‌లోకి రావడం 2005లో మొదలైంది. మంచి పేరు ఆ తర్వాత, మెల్లగా వచ్చింది.

రిఫండ్ విషయం కూడా చాలామందికి తెలీదు. తన గేమ్‌లు నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తామని ఈఏ కంపెనీ ఒరిజిన్ స్టోర్‌లో 2013లోనే చెప్పింది. స్టీమ్‌లో 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వాపసు ఇచ్చే పద్ధతి 2015 జూన్‌లో వచ్చింది. దానికి ముందే, 2014లో, ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ రిఫండ్ల విషయంలోనే వాల్వ్ మీద కోర్టుకెళ్లింది. 2016లో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. గాగ్ స్టోర్ 2020లో ఇంకో అడుగు ముందుకేసి, గేమ్ ఆడినా సరే 30 రోజుల్లోపు వాపసు ఇస్తామంది. మనం ఇవాళ హాయిగా నొక్కే రిఫండ్ బటన్ వెనక పోటీ ఉంది, చట్టం ఉంది. ఒకే స్టోర్ ఉంటే చాలనే స్నేహితులకు నేను ముందుగా గుర్తుచేసేది ఇదే.

అపోహ: ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే ఒకే స్టోర్‌కి, ఇచ్చారంటే ఆ స్టూడియో డబ్బుకి అమ్ముడుపోయినట్టే.

సినిమా వ్యాపారం తెలిసిన తెలుగువాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. నైజాం హక్కులు ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) మీద కొన్నట్టే ఇదీ. సినిమా ఆడినా ఆడకపోయినా నిర్మాతకు ఇంత అని ముందే ముడుతుంది. ఎపిక్ చేసుకున్న ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలు చాలావరకు ఈ పద్ధతిలోనివే. కంట్రోల్ అనే గేమ్‌కి ఎపిక్ ముందుగా ఇచ్చిన మొత్తం దాదాపు 95 లక్షల యూరోలని దాని పబ్లిషర్ మాతృసంస్థ లెక్కల్లో బయటపడింది. 2019 ఆగస్టులో వచ్చిన ఆ గేమ్ సరిగ్గా ఏడాది తర్వాత స్టీమ్‌లోకీ వచ్చింది.

చిన్న స్టూడియోకి అలాంటి డబ్బు అంటే విడుదలకి ముందే జీతాలు గట్టెక్కడం. రెండేళ్లు పనిచేసి, విడుదలైన మొదటి వారం అమ్మకాల మీద అందరి ఉద్యోగాలూ ఆధారపడి ఉండే టెన్షన్ ఏంటో ఈ రంగంలో ఉన్నవాళ్లకి తెలుసు. ఆ పూచీ దొరికితే తీసుకున్నవాళ్లని నేను తప్పుపట్టను.

కానీ ఒక్క పని మాత్రం ఎవరు చేసినా నాకు నచ్చదు. ఒక స్టోర్‌లో ముందస్తు బుకింగులు తీసుకుని, విడుదల దగ్గరపడ్డాక అక్కణ్నుంచి లేపేయడం. మెట్రో ఎక్సోడస్ విషయంలో అదే జరిగింది. నెలల తరబడి స్టీమ్‌లో బుకింగులు తీసుకున్నారు. 2019 ఫిబ్రవరి 15న విడుదలనగా, జనవరి ఆఖర్లో ఇకపై ఎపిక్‌లోనే అమ్ముతామని ప్రకటించారు. అప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకు స్టీమ్‌లోనే ఇచ్చారు, అంతవరకు న్యాయం. మిగతావాళ్లు ఏడాది ఆగాల్సి వచ్చింది. అప్పుడు వచ్చిన కోపం సరైన కోపమే. ఒప్పందం ఉంటే మొదటి ట్రైలర్‌తోపాటే చెప్పాలి.

అపోహ: ఎపిక్ తక్కువ కమిషన్ తీసుకుంటుంది కాబట్టి గేమ్ మనకి చవగ్గా రావాలి.

పన్నులు పోగా వెయ్యి రూపాయలు వచ్చే గేమ్ అనుకోండి. స్టీమ్‌లో వాటా 30 శాతం, మాకు ఏడు వందలు. ఎపిక్‌లో 12 శాతం, మాకు ఎనిమిది వందల ఎనభై. గేమ్‌ని ఎపిక్ వాళ్లదే అయిన అన్‌రియల్ ఇంజిన్‌లో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) చేసి ఉంటే, ఎపిక్‌లో జరిగిన అమ్మకాల మీద ఇంజిన్‌కి కట్టాల్సిన 5 శాతం కూడా ఉండదు. ఆ నూట ఎనభై రూపాయల తేడా ఎవరి జేబులోకి వెళ్లాలన్నది పబ్లిషర్ చేతిలో ఉంటుంది. మెట్రో ఎక్సోడస్ అమెరికాలో పది డాలర్లు తగ్గించి, 60 బదులు 50కి అమ్మిన మాట నిజమే. అలాంటివి అరుదు. చాలా గేమ్‌లకు రెండు చోట్లా ఒకే రేటు ఉంటుంది.

2018 నవంబరు చివర్లో, అంటే ఎపిక్ స్టోర్ తెరుచుకోవడానికి వారం ముందు, వాల్వ్ కూడా వాటా తగ్గించింది. ఎవరికి? కోటి డాలర్ల అమ్మకం దాటిన గేమ్‌కి ఆపై వచ్చే డబ్బులో 25 శాతం, ఐదు కోట్లు దాటితే 20 శాతం. పెద్ద కంపెనీలను ఆపుకోవడానికి అది పనికొచ్చింది. మాలాంటివాళ్లకు ఒక్క రూపాయి తేడా రాలేదు. ఎపిక్ 2025 జూన్ నుంచి ఒక్కో గేమ్‌కి ఏటా మొదటి పది లక్షల డాలర్ల మీద వాటానే వద్దంది. చిన్నవాళ్లకు నిజంగా పనికొచ్చే మార్పు అంటే ఇదీ. అయినా కొనేవాళ్లలో ఎక్కువమంది స్టీమ్‌లోనే ఉన్నారు కాబట్టి 30 శాతం కట్టి అక్కడా పెడతాం.

రూపాయల్లో రేటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "స్టీమ్ రేట్లు పెంచేసింది" అని వింటుంటాను. మేం రేటు పెట్టే స్క్రీన్ ఎలా ఉంటుందంటే, పైన డాలర్లలో ఒక అంకె కొడతాం. కింద ముప్పైకి పైగా కరెన్సీల్లో వాల్వ్ సూచించే రేట్లు వాటంతటవే నిండిపోతాయి. మన రూపాయి గడిలో వచ్చే సూచన, డాలర్ మారకపు విలువతో గుణిస్తే వచ్చేదానికన్నా తక్కువే ఉంటుంది. ఆ గడిలో అంకె చెరిపేసి వేరేది కొట్టే హక్కు మాత్రం పబ్లిషర్‌ది. ఒక గేమ్ మన దగ్గర ఐదు వేలు ఉందంటే ఆ అంకె ఒప్పుకున్నది, లేదా కావాలని కొట్టింది పబ్లిషరే. రేటు మీద ఫిర్యాదు ఉంటే వాళ్లకే రాయండి, అలాంటి మెయిల్స్ మేం చదువుతాం.

అపోహ: పబ్లిషర్ల సొంత స్టోర్లన్నీ ఫెయిలయ్యాయి, అందరూ స్టీమ్‌కి తిరిగొచ్చారు.

సగం నిజం. ఈఏ 2011లో ఒరిజిన్ పెట్టి పెద్ద గేమ్‌లను అక్కడే ఉంచుకుంది. 2012 నాటి మాస్ ఎఫెక్ట్ 3 స్టీమ్ ముఖం చూసింది 2020లో. ఆ కంపెనీ కొత్త గేమ్‌లు 2019 నవంబరులో తిరిగి స్టీమ్‌కి రావడం మొదలైంది. బెథెస్డా 2018లో ఫాలౌట్ 76ని తన లాంచర్‌లోనే అమ్మింది. 2022 మేలో ఆ లాంచర్ మూసేసి, కొన్నవాళ్ల గేమ్‌లను స్టీమ్ ఖాతాల్లోకి మార్చుకునే వీలు కల్పించింది. మూసేసేటప్పుడు అలా చేయడం పద్ధతి. కాల్ ఆఫ్ డ్యూటీ, యూబీసాఫ్ట్ కొత్త గేమ్‌లు 2022లో స్టీమ్‌కి తిరిగొచ్చాయి.

అయితే మైన్‌క్రాఫ్ట్ ఈరోజుకీ స్టీమ్‌లో లేదు. ఫోర్ట్‌నైట్ లేదు, వాలరెంట్ లేదు. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ గేమింగ్ కెఫేకి వెళ్లినా వాలరెంట్ ఆడేవాళ్లు కనపడతారు, దాని లాంచర్ వేరు అని ఎవరూ గొడవ చేయరు. పైగా స్టీమ్‌లో కొన్నంత మాత్రాన లాంచర్ బెడద పోదు. చాలా ఈఏ గేమ్‌లు స్టీమ్‌లో కొన్నా ప్లే నొక్కగానే ఈఏ యాప్ తెరుచుకుంటుంది. స్టోర్ పేజీలో కుడివైపు వరుసలో వేరే ఖాతా అవసరమని, ఫలానా డీఆర్ఎం (గేమ్ కాపీ కాకుండా వేసే తాళం) ఉందని రాసి ఉంటుంది. కొనేముందు అది చదవండి.

అపోహ: కొన్నాం కాబట్టి గేమ్ మనదే.

ఈ వ్యాసం రాసిందే దీనికోసం. యూబీసాఫ్ట్ 2014లో ద క్రూ అనే కార్ రేసింగ్ గేమ్ విడుదల చేసింది. అందులో ఒంటరిగా ఆడే కథ ఉన్నా, ఆడాలంటే కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అయి తీరాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డిజిటల్‌గా కొన్నవాళ్లదీ పోయింది, షాపులో డిస్క్ కొన్నవాళ్లదీ పోయింది. దాని మీద మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమానికి 2025 జులైలో యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అమ్మిన గేమ్‌ని ఆపేసేటప్పుడు, ఏదో ఒక రూపంలో ఆడుకోగలిగేలా వదిలి వెళ్లమన్నదే వాళ్ల కోరిక. గేమ్‌లు తయారుచేసే మనిషిగా చెబుతున్నాను, ఆ మాట మొదటి రోజు నుంచే మనసులో పెట్టుకుని డిజైన్ చేస్తే అది అసాధ్యమేమీ కాదు. పదేళ్ల తర్వాత సర్వర్ని విడదీయాలంటేనే కష్టం.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్‌గా అమ్మేవాళ్లు ఇది లైసెన్స్ మాత్రమేనని కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ అంతకుముందే, 2024 అక్టోబరులో, డబ్బు కట్టే పేజీలో ఆ వాక్యం పెట్టింది. లైసెన్సే అయినా అన్ని లైసెన్సులూ ఒకటి కావు. 2008లో పోలండ్‌లో మొదలైన గాగ్ స్టోర్ గేమ్‌లకు డీఆర్ఎం లేకుండా ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇస్తుంది. ఆ ఫైల్ ఒక హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే రేపు స్టోర్ ఉన్నా లేకపోయినా ఇన్‌స్టాల్ అవుతుంది. స్టీమ్‌లో కూడా డీఆర్ఎం తప్పనిసరి కాదు, పెట్టడం మానడం డెవలపర్ ఇష్టం.

మీ గేమ్ ఏ రకమో ఇంట్లోనే చూసుకోవచ్చు. వైఫై ఆపేయండి. స్టీమ్‌ని పూర్తిగా మూసేయండి, గడియారం పక్కన ఐకాన్ కూడా కనపడకూడదు. స్టీమ్ ఫోల్డర్‌లో స్టీమ్‌యాప్స్, దాంట్లో కామన్ అనే ఫోల్డర్‌కి వెళ్లి, గేమ్ పేరుతో ఉన్న ఈఎక్స్ఈ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయండి. గేమ్ తెరుచుకుని మెనూ దాటి ఆటలోకి వెళ్తే ఆ గేమ్ మీ దగ్గర ఉన్నట్టు. స్టీమ్ కావాలనో, లాగిన్ కావాలనో అడిగితే అది ఎక్కడుందో మీకు తెలిసిపోతుంది. ఈఏ, యూబీసాఫ్ట్, ఎపిక్, ఎక్కడ కొన్నా ఇదే పరీక్ష పెట్టండి. నేను ఎక్కువ డబ్బు పెట్టి కొనేది ఈ పరీక్ష పాసైన గేమ్‌ల మీదే.

అపోహ: ఫలానా స్టోర్‌లో డౌన్‌లోడ్ స్లో.

మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. స్టీమ్ సాధారణంగా చూపించేది మెగాబైట్లు. ఎనిమిదితో భాగించండి, పన్నెండున్నర వస్తే మీ లైన్ పూర్తిగా పనిచేస్తున్నట్టే. ఆ లెక్కన వంద జీబీ గేమ్‌కి రెండుంపావు గంటలు పడుతుంది. ఒకే ఇంట్లో, ఒకే హాస్టల్ వైఫైలో ఇంకో పీసీలో ఆ గేమ్ ఉంటే మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. 2023 నుంచి స్టీమ్ లోకల్ నెట్‌వర్క్ మీద నేరుగా కాపీ చేస్తుంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవాళ్లకి ఈ ఒక్క సెట్టింగ్ చాలా డేటా మిగులుస్తుంది.

లాంచర్లు ఎక్కువైతే పీసీ స్లో అవుతుందన్న మాటకి మందు చిన్నది. ఒక్కోదాని సెట్టింగ్స్‌లో విండోస్‌తోపాటు తెరుచుకునే ఆప్షన్ తీసేయండి.

అపోహ: టెలిగ్రామ్‌లో రెండు మూడొందలకి దొరికే ఖాతా కూడా గేమ్ కొన్నట్టే.

ఇది వేరేవాళ్ల ఖాతాలో లాగిన్ అయి ఆఫ్‌లైన్‌లో ఆడుకోవడం. ఖాతాలు అమ్మడం స్టీమ్ నిబంధనలకు విరుద్ధం. మొదట కొన్న మనిషి డబ్బు కట్టిన ఆధారం చూపించి ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు. మీరు ఆడిన గంటలు, సేవ్ ఫైళ్లు, కట్టిన డబ్బు, దేనికీ రసీదు ఉండదు. ఇంటర్ చదివే పిల్లలు పాకెట్ మనీ ఇలా పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

డబ్బు తక్కువగా ఉంటే సరైన దారులున్నాయి. 2024 సెప్టెంబరులో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంట్లోని ఆరుగురు తమ లైబ్రరీలు కలుపుకోవచ్చు. అన్న ఒక గేమ్ ఆడుతుండగా చెల్లి అతని లైబ్రరీలోంచే ఇంకో గేమ్ ఆడుకోవచ్చు. ఒకే గేమ్ ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కాపీలు కావాలి. తమ్ముడు అన్న కాపీతో ఆడుతూ చీట్ చేసి దొరికితే ఆ గేమ్‌లో అన్నకీ నిషేధం పడుతుంది, ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. ఎపిక్‌లో వారం వారం ఉచితంగా ఇచ్చే గేమ్‌లు కూడా మీ సొంత ఖాతాలోనే చేరతాయి. 2020 మేలో జీటీఏ 5 ఉచితంగా ఇచ్చినప్పుడు జనం తాకిడికి ఆ సైట్ పడిపోయింది. ఓపిగ్గా మళ్లీ ప్రయత్నించి తీసుకున్నవాళ్లు ఇప్పటికీ పైసా కట్టకుండా అది ఆడుకుంటున్నారు.