నాలుగింటికి ఎక్కి అయిదింటికి అమెరికాలో

బరంపురంలో మా పక్కింటి పిన్నిగారి అబ్బాయి ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాడు. ఆవిడ టికెట్టు పట్టుకొచ్చారు. "నాలుగింటికి ఎక్కి అదే రోజు అయిదింటికి దిగుతాడట. మనకి భువనేశ్వర్ వెళ్లడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది కదా బాబూ!"

అది గడియారం గారడీ. చలికాలంలో ఆ ఊరు మనకి 13న్నర గంటలు వెనక. పద్నాలుగున్నర గంటలు ఎగిరినా గడియారం మీద కనిపించేది గంటే. ఆ సంగతి అంతే. అసలు సరదా దూరంలో ఉంది.

మా ఊళ్లో పట్టు దారానికి కరువా? ఒక పోగు తెచ్చి గ్లోబు మీద ఢిల్లీ దగ్గర ఒక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఇంకో కొస నొక్కిపెట్టాను. వదులుగా ఉన్నంతసేపూ దారం యూరప్ మీదుగా వాలి ఉంది. బిగించేసరికి జారి పైకి పోయింది: లద్దాఖ్, చైనా, రష్యా దాటి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం కూడా మించి, అలాస్కా మీదుగా కెనడాలోకి దిగింది. భూగోళం మీద అతి దగ్గర దారి ఇదే; దీన్నే మహావృత్తం అంటారు. గోడమీది పటంలో అడ్డంగా గీసే గీత దీనికంటే చాలా పొడుగు. ఎన్నో ఏళ్లు కొబ్బరిచెట్టు నీడ కొలిపించి సైన్, కొసైన్ చెప్పాను గానీ, ఈ దారం సంగతి క్లాసులో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు సిగ్గేస్తోంది.

లెక్క ఇదీ. అక్షాంశాలు 28.57, 37.62. రేఖాంశాలు ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి కూడాలి: 77.1 + 122.4 = 199.5. అది 180 దాటింది గనక 360లోంచి తీసేస్తే 160.5. అక్షాంశాల సైన్‌ల లబ్ధానికి, వాటి కొసైన్‌లతో 160.5 కొసైన్‌ని గుణించి కలిపితే -0.364 వస్తుంది. అంత కొసైన్ ఉన్న కోణం 111.3 డిగ్రీలు. భూమ్మీద డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. మొత్తం సుమారు 12,380 కిలోమీటర్లు.

పిన్నిగారి ముఖం మాడింది. అమెరికా పడమర కదా అని వారశూల (ఏ వారం ఏ దిక్కుకి ప్రయాణం కూడదో చెప్పే నమ్మకం) చూసుకుని, శుక్ర, ఆదివారాలు మానేసి బుధవారం టికెట్టు తీయించారట. దారం చూస్తే దాదాపు ఉత్తరానికి పోతోంది. బుధవారం శూల ఉత్తరానికే!

గాలి ఆదుకుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. విమానం వేగం గాలిలో దాదాపు 900. నేలమీది వేగం కావాలంటే, గాలి వెనకనుంచి వస్తే దాన్ని ఆ 900కి కలపాలి, ఎదురైతే తీసెయ్యాలి. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు మాన్పించి తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకి పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నరకి వచ్చింది. భాగించి చూడండి: గంటకి 1,055 కిలోమీటర్లు. ఆ 900 మీద పైపడిన 155 గాలి పెట్టిన భిక్షే.

"అయితే తూర్పుకేనా?" అన్నారు పిన్నిగారు. తూర్పుకి శూల సోమ, శనివారాలు. టికెట్టు మడిచి కొంగున ముడేసుకున్నారు.