తోట నుంచి నేరుగా అమ్మే వెబ్‌సైట్: గూగుల్ చుట్టూ ఉన్న అపోహలు, అసలు సంగతులు

ఉగాది దాటాక మామిడి తోటల వెబ్‌సైట్లలో హడావుడి మొదలవుతుంది. కొత్త ఫొటోలు, కొత్త ధరలు, కొత్త పేజీలు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. కొత్త పేజీని గూగుల్ చూసి తన జాబితాలో చేర్చుకోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అది వెతుకులాట ఫలితాల్లో పైకి రావడానికి నెలలు పట్టొచ్చు. బంగినపల్లి దొరికేదేమో ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. అందుకే చెట్టు పూతకు వచ్చేసరికే పేజీ సిద్ధంగా ఉండాలి. ఈ లెక్క తప్పడానికి కారణమయ్యే అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: వెబ్‌సైట్ పెట్టేశాం కదా, గూగుల్‌లో అదే వస్తుంది.

రావచ్చు, రాకపోవచ్చు. ముందు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మీ సైటు గూగుల్‌కు ఎలా కనిపిస్తోందో చూపే పనిముట్టు) మీ సైటును నమోదు చేయండి, ఇది ఉచితం. అందులో సైట్‌మ్యాప్ (మీ పేజీల అడ్రసులన్నీ ఉన్న ఫైలు) ఇచ్చి, ముఖ్యమైన ఒక్కో పేజీ అడ్రసునూ యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో వేసి చూడండి. పేజీ జాబితాలో లేకపోతే కారణం అక్కడే కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సైట్లలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. సైటు కట్టేటప్పుడు సెట్టింగ్స్‌లోని రీడింగ్ విభాగంలో 'సెర్చ్ ఇంజన్లను రానివ్వొద్దు' అనే గడిలో టిక్ పెడతారు. పని పూర్తయ్యాక దాన్ని తీయడం మర్చిపోతారు. ఆ ఒక్క టిక్ వల్ల సీజన్ మొత్తం పోతుంది.

అపోహ: కీవర్డ్స్ (జనం వెతికే మాటలు) ఎంత ఎక్కువ దట్టిస్తే అంత పైకి వస్తాం.

పేజీ కోడ్‌లో కనిపించకుండా పెట్టే కీవర్డ్స్ ట్యాగును ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇప్పటికీ దాన్ని నింపి డబ్బు తీసుకునేవాళ్లున్నారు. పేజీలో 'మామిడి పండ్లు ఆన్‌లైన్' అని ముప్పైసార్లు రాయడమూ పనికిరాదు, అది స్పామ్ కిందకు వస్తుంది.

కొనేవాళ్లు ఏ మాటతో వెతుకుతున్నారో ఆ మాట మీ పేజీలో ఉందా అన్నదే అసలు ప్రశ్న. మామిడిలో ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే ఒకే పండుకు ఊరికో పేరుంది. కోస్తావాళ్లు బంగినపల్లి అంటే హైదరాబాద్‌లో చాలామంది బేనిషాన్ అంటారు. ఉత్తరాదిలో అదే సఫేదా. కలెక్టర్ కాయ అన్నా తోతాపురి అన్నా ఒకటే. హిమాయత్‌ను ఇమాం పసంద్ అని వెతికేవాళ్లు ఎక్కువ. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరుకు రసాలు వేర్వేరు రకాలు కాబట్టి వాటిని కలిపి 'రసాలు' అని ఒక్క పేజీలో పడేయకండి. రకానికొక పేజీ పెట్టి, అందులో ఆ రకానికున్న పేర్లన్నీ మామూలు వాక్యాల్లో ఒక్కోసారి వచ్చేలా రాస్తే సరిపోతుంది. తోట నూజివీడులోనో కొల్లాపూర్‌లోనో ఉంటే ఆ ఊరి పేరు శీర్షికలోనే పెట్టండి. అది పేరున్న ఊరు, జనం ఊరి పేరుతోనే వెతుకుతారు. తోట అక్కడ లేకపోతే మాత్రం ఆ పేరు జోలికి వెళ్లొద్దు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు) వచ్చింది. ఆ గుర్తింపు ముద్రను వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి.

పేజీ టైటిల్ (గూగుల్ ఫలితాల్లో కనిపించే శీర్షిక) 50-60 అక్షరాలు దాటితే ఫలితాల్లో తెగిపోవచ్చు. 'బేనిషాన్ బంగినపల్లి మామిడి, 5 కిలోల పెట్టె, హైదరాబాద్ డెలివరీ' లాంటిది చాలు. 'హోమ్' అనో 'స్వాగతం' అనో ఉన్న టైటిల్ ఎవరికీ ఏమీ చెప్పదు.

అపోహ: తెలుగులో రాస్తే గూగుల్‌కు అర్థం కాదు.

అర్థమవుతుంది, అది యూనికోడ్ తెలుగైతే, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే తెలుగైతే. చిక్కు వచ్చేది డీటీపీ (అచ్చు కోసం కంప్యూటర్లో చేసే టైపు పని) దగ్గర. కరపత్రం కోసం 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టించిన మేటర్‌ను అలాగే సైటులో అతికిస్తారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది చక్కగా తెలుగులా కనిపిస్తుంది. లోపలున్నవి మాత్రం ఆంగ్ల అక్షరాలు, గుర్తులు. కాబట్టి గూగుల్‌కు అది అర్థంలేని గీతల వరస. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తుల్ని ఒకసారి సరిచూసుకోండి. మార్పిడిలో ఎక్కువగా చెడేవి అవే.

పోస్టర్ కూడా ఇలాంటి సమస్యే. ధర, బరువు, ఫోన్ నంబరు అన్నీ ఒకే బొమ్మలో పెట్టి దాన్నే పేజీగా వదిలేస్తే, ఆ బొమ్మలోని అక్షరాలను గూగుల్ చదువుతుందన్న భరోసా లేదు. బొమ్మ ఉంచండి, కానీ అదే సమాచారాన్ని కింద టైపు చేసి పెట్టండి. ఫోన్ నంబరు నొక్కగానే కాల్ వెళ్లాలి.

తెలుగు, ఇంగ్లీషు రెండూ కావాలంటే రెండు వేర్వేరు పేజీలు పెట్టి, ఒకదాన్నుంచి మరోదానికి లింకు ఇవ్వండి. ఒకే పేజీలో పేరాకొక భాష వద్దు. పేజీ అడ్రసు మాత్రం ఆంగ్ల అక్షరాల్లో ఉంటేనే సుఖం. తెలుగు అడ్రసును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో మూరెడు పొడవు సాగుతుంది, చూసినవాళ్లు దొంగ లింకేమో అనుకుంటారు.

అపోహ: సీజన్ అయిపోయాక పేజీ తీసేయాలి.

ఇంతకన్నా నష్టం చేసే పని మరొకటి లేదు. ఒక అడ్రసుకు ఏడాదంతా కూడిన లింకులు, గుర్తింపు అన్నీ ఆ అడ్రసుతోనే పోతాయి. వచ్చే ఏడాది మళ్లీ సున్నా నుంచి మొదలు. అడ్రసులో సంవత్సరం పెట్టడమూ ఇలాంటి తప్పే. ఏటా కొత్త పేజీ పుడుతుంది, పాతది అనాథగా మిగులుతుంది. అడ్రసు ఎప్పటికీ ఒకటే ఉండాలి, లోపలి విషయం మాత్రం మారాలి. జూలైలో 'ఈ ఏడాది కాయ అయిపోయింది, మళ్లీ ఏప్రిల్‌లో' అని రాసి, ముందస్తు జాబితాలో చేరడానికి వాట్సాప్ లింకు పెట్టండి. ధర, సరుకు ఉందా లేదా అన్నది గూగుల్‌కు చెప్పే కోడ్ పేజీలో వాడుతుంటే అందులో 'అవుట్ ఆఫ్ స్టాక్' అని మార్చండి. ఏదైనా కారణంతో అడ్రసు మార్చక తప్పకపోతే పాతదాన్నుంచి కొత్తదానికి 301 మళ్లింపు (పాత అడ్రసు తెరిచినవాళ్లను కొత్తదానికి శాశ్వతంగా పంపే ఏర్పాటు) పెట్టాలి.

అపోహ: మ్యాప్స్‌లో తోట పేరు పక్కన 'బెస్ట్ ఆర్గానిక్ మామిడి' అని చేరిస్తే ముందుకొస్తాం.

మ్యాప్స్‌లో కనిపించే మీ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉండాల్సింది బోర్డు మీదున్న పేరే. అదనపు మాటలు చేర్చడం నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ నిలిపేసే ప్రమాదం ఉంది. ప్రొఫైల్ తెరవాలంటే కొనుగోలుదారు తోటకు రావాలి లేదా మీరే వాళ్ల దగ్గరకు వెళ్లాలి. పూర్తిగా ఆన్‌లైన్ అమ్మకమే అయితే అర్హత లేదు. సర్వీస్ ఏరియాలు (మీరు వెళ్లి సరుకు అందించే ప్రాంతాలు) 20 వరకే ఇవ్వొచ్చు, అవి సుమారు రెండు గంటల ప్రయాణ దూరం దాటకూడదు. కొరియర్‌లో ఢిల్లీకి పంపుతున్నాం కదా అని ఢిల్లీ పెట్టకూడదు. సీజన్ కాని నెలల్లో 'తాత్కాలికంగా మూసివేత' పెట్టుకోవచ్చు. రివ్యూ రాస్తే కిలో పండ్లు ఉచితం అనడమూ కుదరదు. పెట్టెలో క్యూఆర్ కోడ్ ఉన్న చీటీ వేసి, ఉన్నదున్నట్టు రాయమని అడగండి చాలు.

అపోహ: రోజుకో వ్యాసం పెడుతుంటే సైటు పైకొస్తుంది.

'మామిడి పండుతో పది లాభాలు' లాంటి వ్యాసాలు ఇప్పటికే వేలల్లో ఉన్నాయి. ఏఐతో వాటినే గుట్టలుగా తయారు చేయించి పెట్టడాన్ని 2024 మార్చి నుంచి గూగుల్ స్పామ్ విధానంలో స్పష్టంగా చేర్చింది. ఊరి పేరు మాత్రం మార్చి 'విజయవాడలో మామిడి', 'వరంగల్‌లో మామిడి' అని పేజీలు పుట్టించడం కూడా ఆ కోవలోదే.

కొనేవాళ్లకు నిజంగా ఉన్న సందేహాలు తక్కువే. కార్బైడ్ వేశారా అన్నది మొదటిది. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం నిషిద్ధమని, ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) వరకు అనుమతించారని, మీరు ఏ పద్ధతి వాడుతున్నారో సూటిగా రాయండి. తొడిమె ఉంచి కోసి సొన కారనిస్తారా, గడ్డిలో పెడతారా, పెట్టె చేరేటప్పటికి కాయ ఏ స్థితిలో ఉంటుంది, ఇంకా ఎన్ని రోజులు ఆగాలి, పండకముందే ఫ్రిజ్‌లో పెడితే తొక్క మచ్చలు పడి ఎందుకు సరిగా పండదు, 5 కిలోల పెట్టెలో ఎన్ని కాయలు వస్తాయి, దారిలో చెడితే ఏం చేస్తారు. ఇవన్నీ మీ తోట ఫొటోలతో ఉన్న ఒక్క పేజీ యాభై వ్యాసాలకన్నా గట్టిగా పనిచేస్తుంది. ఆ ఫొటోలను ఫోన్‌లోంచి 5 ఎంబీ సైజులో నేరుగా ఎక్కించకండి. వెడల్పు 1200-1600 పిక్సెళ్లకు కుదించి, వెబ్‌పీ (తక్కువ సైజు బొమ్మల ఫార్మాట్) రూపంలో 200 కేబీ లోపు ఉంచండి. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు తెరుచుకోవాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలమానం.

అపోహ: ప్రకటనలకు డబ్బు కడితే మామూలు ఫలితాల్లోనూ పైకి వస్తాం. రాము. రెండింటికీ సంబంధం లేదు.

అపోహ: సైటు పనులు చేసే సంస్థలు మొదటి స్థానం గ్యారంటీ అంటే నమ్మొచ్చు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ఎవరికైనా పని అప్పగించే ముందు డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే చోటు), సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ నాలుగూ మీ ఈమెయిల్ పేరిట ఉన్నాయో లేదో చూసుకోండి. డొమైన్ వాళ్ల పేరిట ఉంటే, విడిపోయిన రోజున మీ తోట పేరు కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది.

కాయలన్నీ వెళ్లిపోయాక, జూలైలో ఒక పూట సెర్చ్ కన్సోల్ ముందు కూర్చోండి. అది 16 నెలల లెక్కలు దాచి ఉంచుతుంది కాబట్టి నిరుటి ఏప్రిల్, మే నెలలను ఈ ఏటితో పోల్చొచ్చు. ఏ మాటలతో వెతికినప్పుడు మీ పేజీ చాలాసార్లు కనిపించీ ఎవరూ దాన్ని నొక్కలేదో వాటిని ఏరి రాసుకోండి. సాధారణంగా అక్కడ టైటిల్ సరిగా లేదని, లేదా ఆ మాటకు తగిన సమాధానం పేజీలో లేదని అర్థం. పూత వచ్చేలోగా సరిచేయాల్సిన పనుల జాబితా అదే.