మ్నెమోసినీ: అపోహలు - వాస్తవాలు

గ్రీకు పురాణాలను పాఠంగా చెప్పే నాకు, జ్ఞాపకానికి అధిదేవత అయిన మ్నెమోసినీ గురించి ఏటా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఆమె కవిత్వానికీ కళలకూ అధిదేవతలైన మ్యూజ్‌లలో ఒకరు.

వాస్తవం: ఆమె వారి తల్లి. భూమి అయిన గయాకూ, ఆకాశమైన ఊరానోస్‌కూ పుట్టిన ఈమె పియరియా ప్రాంతంలో దేవతల రాజు జ్యూస్‌తో తొమ్మిది రాత్రులు గడిపి తొమ్మండుగురు కూతుళ్లను కన్నదని ప్రాచీన గ్రీకు కవి హెసియోడ్ చెప్పాడు. హెలికాన్ కొండపై తొలుత కొలిచిన ముగ్గురు మ్యూజ్‌లలో ఒకరి పేరు మ్నేమే (జ్ఞాపకం) కావడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంటుంది.

అపోహ: ఆమె ఇచ్చేది మన అవధానుల ధారణ వంటి శక్తి.

వాస్తవం: అవధాని తాను విన్నదాన్ని నిలుపుకుంటాడు. హోమర్ కావ్యం 'ఇలియడ్' రెండో సర్గలో ఓడల జాబితాకు ముందు కవి మ్యూజ్‌లను వేడుకునేది తాను చూడనిదాన్ని చెప్పమని. వారు అన్నిచోట్లా ఉండి అన్నీ ఎరిగినవారు, మనకు చేరేది వినికిడి మాత్రమేనని అతడే అంటాడు.

అపోహ: జ్ఞాపక దేవత కాబట్టి మరుపు ఆమెకు శత్రువు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. ఆమె మ్యూజ్‌లను కన్నది కష్టాలు మరిపించడానికేనని హెసియోడ్ స్పష్టంగా అన్నాడు. గ్రీసులో బియోషియా ప్రాంతంలోని లెబదేయాలో, భూగర్భ గుహలో భవిష్యవాణి చెప్పే ట్రోఫోనియస్ వాక్కు వినగోరినవాడు రాత్రివేళ పక్కపక్కనే ఉన్న రెండు ఊటల నీళ్లు తాగేవాడు: అంతవరకు మనసులో ఉన్నదంతా పోవడానికి ముందు లీథీ (మరుపు) నీళ్లు, గుహలో చూడబోయేది నిలవడానికి ఆ తరువాత మ్నెమోసినీ నీళ్లు. పైకి వచ్చాక పూజారులు అతన్ని మ్నెమోసినీ ఆసనంపై కూర్చోబెట్టి ఏం చూశావని అడిగేవారు. భయంతో ఒళ్లు తెలియని స్థితిలో ఉన్న అతనికి తరువాత నవ్వు కూడా తిరిగి వచ్చేదని, స్వయంగా ఆ గుహలోకి దిగిన ప్రాచీన గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు.

అపోహ: ఆమె కవులకు మాత్రమే అవసరమైన దేవత.

వాస్తవం: దక్షిణ ఇటలీలోని హిప్పోనియన్‌లో ఒక స్త్రీ సమాధిలో 1969లో దొరికిన చిన్న బంగారు రేకు మరణించినవారికి దారి చెబుతుంది. తెల్లని సైప్రస్ చెట్టు పక్కనున్న ఊట దరిదాపులకు వెళ్లకుండా, ముందుకు సాగి మ్నెమోసినీ సరస్సు కావలివారిని చల్లని నీళ్లు అడగాలి. ఇలాంటి రేకుల్లో దాహంతో ఉన్న మరణించినవారి ఆత్మ 'నేను భూమికీ, చుక్కల ఆకాశానికీ బిడ్డను' అని చెప్పుకుంటుంది. మ్నెమోసినీ తల్లిదండ్రులు కూడా వారే.