వనిత: అమరకోశం నుంచి జకార్తా మంత్రివర్గం దాకా

1999లో అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఇండోనేషియా అధ్యక్షుడయ్యాక ఒక మంత్రిత్వ శాఖ పేరు మారింది. అంతకు ముందు ‘పెరానన్ వనిత’, అంటే మహిళల పాత్ర, చూసిన శాఖ ‘పెంబెర్దయాన్ పెరెంపువాన్’, అంటే మహిళా సాధికారత శాఖ అయింది. పాత్ర పోయి సాధికారత రావడం ఎవరికైనా అర్థమవుతుంది. మరి వనితను తీసేసి, స్త్రీకే ఇంకో మాటైన పెరెంపువాన్‌ను ఎందుకు పెట్టారు? మన దగ్గర కాలేజీల పేర్లలో, ఆడపిల్లల పేర్లలో మర్యాదగా వినపడే మాట అక్కడి మహిళా ఉద్యమానికి ఎందుకు చేదైంది? సమాధానం కోసం కాస్త వెనక్కి వెళ్లాలి.

వనిత అచ్చమైన సంస్కృత పదం. ధాతువు ‘వన్’. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీనికి యాచించడం, సేవించడం అనే అర్థాలు చెబుతుంది. వేదంలో గెలుచుకోవడం, కోరుకోవడం అనే అర్థాలు కనిపిస్తాయి. ధాతువుకు ‘ఇత’ చేరి ‘వనిత’, ఆపైన స్త్రీ ప్రత్యయం ‘ఆ’ చేరి ‘వనితా’. అక్షరార్థం కోరబడినది, ఇష్టమైనది. అమరకోశం రెండో కాండ, మనుష్యవర్గంలో ‘స్త్రీ యోషిదబలా యోషా నారీ సీమన్తినీ వధూః, ప్రతీపదర్శినీ వామా వనితా మహిలా తథా’ అని పదకొండు పర్యాయపదాలు వరసగా ఉన్నాయి. ఆ వరసలో వనిత పదోది, మహిళ చివరిది. నిఘంటువులో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన మాటల బతుకులు ఒకటి కావు. ‘అబల’లో బలహీనత పైకే కనపడుతుంది, ‘వనిత’లో కోరిక ధాతువు దాకా తవ్వితే గాని కనపడదు.

తెలుగులో అది తత్సమంగానే స్థిరపడింది. పద్యకవులకు అది చేతికందే మాట కూడా: ‘వనిత’ మూడు లఘువులు, అంటే నగణం. సూర్యగణాల్లో నగణం ఒకటి కాబట్టి ఆటవెలదిలో, తేటగీతిలో ఒక గణం మొత్తం ఈ ఒక్క మాటతో నిండుతుంది. సంబోధనగా ‘వనితా’ అంటే చివరిది గురువై సగణం అవుతుంది, సూర్యగణం చోట పట్టదు. బెంగాలీలో ‘ఆబాలవృద్ధవనితా’ అంటే ఊరంతా అని అర్థం. అదే భాషలో ‘బారబనితా’ అంటే వేశ్య. గౌరవమా, చిన్నచూపా అన్నది వనితకు పక్కన చేరిన మాటను బట్టి తేలింది.

సముద్రం దాటిన కథ పాతది. క్రీ.శ. 400 ప్రాంతంలో బోర్నియోలోని కుటైలో మూలవర్మ అనే రాజు వేయించిన యూపశాసనాలు, అంటే యజ్ఞస్తంభాల మీది రాతలు, సంస్కృతంలో ఉన్నాయి. ఆ తర్వాత జావాలో కవులు, ఆస్థానాలు ప్రాచీన జావా భాషను సంస్కృత పదాలతో నింపేశారు. జూట్‌మూల్డర్ అనే పండితుడు 1982లో తెచ్చిన ప్రాచీన జావా నిఘంటువులో 25,000కు పైగా పదాలుంటే, దాదాపు సగం సంస్కృత మూలం ఉన్నవే. స్త్రీని సూచించే మాటలూ ఆ దారినే ఆగ్నేయాసియాకు వెళ్లి, తలో రకంగా మారాయి. ‘స్త్రీ’ మలయ్‌లో ‘ఇస్త్రి’ అయి అర్థం భార్యకు కుదించుకుపోయింది. ఖ్మేర్‌లో ‘స్రెయ్’ అయి ఆడమనిషికి మామూలు మాటగా నిలిచింది. (బట్టల ఇస్త్రీకి దీనితో చుట్టరికం లేదు, అది పోర్చుగీసు వారి నుంచి వచ్చింది.) వనిత థాయ్‌లో ‘వనిద’ అనే ఆడపిల్ల పేరైంది.

ఇక ఇండోనేషియా. 1928 డిసెంబరు 22న యోగ్యకర్తలో మొదలైన మొదటి జాతీయ మహిళా మహాసభ పేరు ‘కొంగ్రెస్ పెరెంపువాన్’. మరుసటి ఏడాది ఆ సమాఖ్య తన పేరులో ‘ఇస్త్రి’ పెట్టుకుంది. స్వాతంత్ర్య ప్రకటన తర్వాత, 1946లో ‘కోవని’ అనే మహిళా సంఘాల సమాఖ్య వచ్చింది. అందులోని ‘వని’ వనితే. సుకర్ణో హయాంలో వామపక్ష మహిళలు కట్టిన గెర్వని అనే సంఘం పేరులోనూ అదే మాట. భూమి కోసం, బహుభార్యత్వానికి వ్యతిరేకంగా వీధికెక్కిన వాళ్లు ‘వనిత’ అనే పేరుతోనే ఎక్కారు. 1965 చివర మొదలైన ఊచకోతలు, నిర్బంధాలు ఆ సంఘాన్ని తుడిచిపెట్టాయి.

తర్వాత ఆ మాటను, సుకర్ణో స్థానంలోకి వచ్చిన సుహార్తో ప్రభుత్వం తన సొంతం చేసుకుంది. 1974లో ప్రభుత్వ ఉద్యోగుల భార్యలందరినీ ‘ధర్మ వనిత’ అనే సంఘంలో చేర్చారు. సంఘంలో భార్య హోదా ఆఫీసులో భర్త హోదాను బట్టే: పై అధికారి భార్యే అధ్యక్షురాలు. ‘పంచ ధర్మ వనిత’ పేరుతో ఐదు విధులు నేర్పారు. వాటిలో భర్తకు తోడుగా నిలవడం, పిల్లల్ని పెంచడం, ఇల్లు నడపడం ముందుంటాయి, పౌరురాలిగా ఉండటం చివరికొస్తుంది. పాతికేళ్లు ఇలా సాగితే ఏ మాటకైనా ఆ వాసన అంటుకుంటుంది. 1998 మే అల్లర్లలో చైనీయ సంతతి స్త్రీలపై జరిగిన అత్యాచారాల తర్వాత, ఉద్యమకారుల ఒత్తిడితో అదే ఏడాది అక్టోబరులో ఏర్పడ్డ జాతీయ కమిషన్ పేరులో పెరెంపువాన్ అనే పెట్టారు.

ఈ మార్పుకు చెప్పే వ్యుత్పత్తి కారణాలు రెండు. వనిత అంటే కోరబడిన వస్తువని, పెరెంపువాన్‌లో ఉన్న ‘ఎంపు’కు నిష్ణాతులు, పూజ్యులు అని అర్థమని ఒకటి. జావా భాషలో ‘వని దితత’, అంటే దిద్దించుకోవడానికి సిద్ధపడేది, నుంచి వనిత వచ్చిందని రెండోది. రెండోది జనం అల్లుకున్న వ్యుత్పత్తి. సంస్కృత రూపం కళ్లెదుట ఉండగా నిలవదు. మొదటిది వ్యాకరణరీత్యా సరైనదే, కానీ ధాతువే దోషమైతే గెర్వని ఆ పేరు పెట్టుకునేదే కాదు. మాట చెడింది ధాతువు వల్ల కాదు, ధర్మ వనిత వల్ల. పక్కనే మలేషియాలో ఆ చరిత్ర లేదు. అక్కడ 2001లో ఏర్పడ్డ మంత్రిత్వ శాఖ ఈనాటికీ ‘వనిత’ పేరుతోనే నడుస్తోంది, మర్యాదైన మాటగా చెల్లుబాటయ్యేదీ అదే.