కియోస్క్‌లో రోల్ అయిపోతే ఎవరు మార్చాలి?

అమెరికా పోస్టాఫీసు లాబీలో సెల్ఫ్ సర్వీస్ కియోస్క్ ఉంటుంది. ఒకాయన వచ్చి పార్సిల్‌ని తూకం మీద పెట్టి, తెర మీద వివరాలు నొక్కి, కార్డుతో డబ్బు కట్టేస్తాడు. లేబుల్ అతికించి, పక్కనున్న పెట్టెలో పడేసి వెళ్ళిపోతాడు. క్లర్క్ అవసరమే పడలేదు. తర్వాత వచ్చినావిడ దగ్గరికి వచ్చేసరికి లేబుల్ రోల్ అయిపోతుంది. ఆ వెనకాయనకి పార్సిళ్ళ పెట్టె నిండిపోయి ఉంటుంది. ఇప్పుడు ఎవరు రావాలి? కౌంటర్ క్లర్కా, సూపర్‌వైజరా, మెయింటెనెన్స్ మనిషా?

చూడ్డానికి చిన్న ప్రశ్నే గానీ, దీనికి 60 ఏళ్ళ చరిత్ర ఉంది. 1964లో మేరీలాండ్‌లోని వీటన్ ప్లాజా షాపింగ్ సెంటర్‌లో అక్కడి తపాలా శాఖ సెల్ఫ్ సర్వీస్ పోస్టాఫీసు తెరిచింది. మనుషుల్లేని ఆఫీసు అనేది పైకి మాట. అలాంటి యంత్రాల్లో స్టాంపులు ఎవరో నింపాలి, చిల్లర తీయాలి, లెక్క అప్పజెప్పాలి. ఆ పనులకి తర్వాత టెక్నీషియన్ పేరుతో క్లర్కుల్లోనే ఒక పోస్టు ఏర్పడింది.

1970 మార్చిలో న్యూయార్క్‌లో మొదలైన సమ్మెలో 2 లక్షల మందికి పైగా తపాలా ఉద్యోగులు దిగారు. ఉత్తరాలు సార్టింగ్ చేయడానికి అధ్యక్షుడు నిక్సన్ సైనికుల్ని పంపాల్సొచ్చింది. ఆ ఏడాదే వచ్చిన చట్టంతో జీతాలూ పని నిబంధనలూ బేరమాడి ఒప్పందం రాసుకునే హక్కు యూనియన్లకి దక్కింది. క్లర్కుల యూనియన్ ఒప్పందంలో నాలుగో అధికరణ మన కథకి ముఖ్యం. పెద్ద యంత్రాలు కొని పెట్టేముందు కనీసం 90 రోజుల ముందు యూనియన్‌కి చెప్పాలి. యంత్రం వల్ల పుట్టే కొత్త ఉద్యోగాన్ని, నేర్చుకోగలిగిన పాత ఉద్యోగులకే ఇవ్వజూపాలి. శిక్షణ ఖర్చు తపాలా సంస్థదే.

కాగితం మీద బాగానే ఉంది. అసలు పరీక్ష 1990ల మొదట్లో ఎదురైంది. యంత్రం చదవలేని చిరునామాల ఫోటోలు కంప్యూటర్ తెర మీదికి వస్తాయి, మనిషి చూసి టైప్ చేయాలి. ఈ పనిని బయటి కాంట్రాక్టర్లకి ఇవ్వాలని సంస్థ చూసింది. 1993లో, ఇరుపక్షాల మధ్య తగవు తీర్చే ఆర్బిట్రేటర్ రిచర్డ్ మిట్టెంతాల్ ఒప్పుకోలేదు. యంత్రంతో పుట్టిన పని కాబట్టి ముందు ఉద్యోగులకే ఇవ్వజూపాలన్నారు. నా లెక్కలో ఈ తగవు మొత్తానికి ఆయువుపట్టు ఆ తీర్పే.

2004లో ఐబీఎం తయారుచేసిన 2,500 కియోస్క్‌లు లాబీల్లోకి వచ్చాయి. వీటిలో నగదు చెల్లదు, కాబట్టి చిల్లర తీసే పని లేదు. రోల్ మార్చడం, పెట్టె ఖాళీ చేయడం, కొత్తవాళ్ళకి పక్కన నిలబడి చూపించడం మిగిలాయి. 2013లో ఆఫీసు సామాన్లు అమ్మే స్టేపుల్స్ దుకాణాల్లో 82 చోట్ల, ఆ దుకాణం సిబ్బందితోనే తపాలా కౌంటర్లు నడిపించినప్పుడు యూనియన్ వీధికెక్కింది. 2017లో ఆ ఏర్పాటు ముగిసింది. అదీ ఎవరి పని ఎవరు చేయాలన్న పేచీయే.

లాబీలో నిలబడే క్లర్క్‌కి ఇంకో ఇరకాటం ఉంది. కౌంటర్లో ఎంతమంది కావాలన్నది అక్కడ జరిగే లావాదేవీలని బట్టి తేలుస్తారు. క్యూలో ఉన్నవాళ్ళని తను కియోస్క్ వైపు మళ్ళిస్తే, ఆ అమ్మకం యంత్రం ఖాతాలో పడుతుంది.