గాదె నిండిపోతే గ్లూకోజు ఎటు పోతుంది?

విజయనగరం

పిల్లలకు ఆశీస్సులు.

ఇంట్లో పెద్దవాళ్లకు షుగర్ అని తేలగానే అందరూ అనే మాట ఒకటే: తీపి మానెయ్. టీలో పంచదార మానేస్తారు. కంచంలో అన్నం గుట్ట మాత్రం అలాగే ఉంటుంది. అసలు లెక్క ఆ గుట్ట దగ్గరే ఉంది.

100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. అరిగాక అదంతా గ్లూకోజు అవుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం ఐదు లీటర్ల దాకా ఉంటుంది. పరగడుపున అందులో ఉండే గ్లూకోజు మొత్తం పోగేసినా ఐదు గ్రాములు, అంటే ఒక చెంచాడు. చెంచాడు ఉండే చోటికి ఒక్క భోజనంతో డెబ్బై ఎనభై గ్రాములు వచ్చిపడుతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తిన్న రెండు గంటలకి షుగర్ 140 లోపుకి దిగిపోతుంది. వచ్చింది వచ్చినట్టే సర్దేసేవాళ్లు లోపల ఉన్నారన్నమాట.

ముఖ్యంగా కాలేయం, కండరాలు. ఒంట్లో గాదెలు ఇవే. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ చెబితే కాలేయం సుమారు 100 గ్రాములు, కండరాలన్నీ కలిసి 300 నుంచి 400 గ్రాముల దాకా గ్లైకోజెన్‌గా, అంటే గ్లూకోజు నిల్వగా, దాచుకుంటాయి. పాత గింజలు తీస్తుంటేనే గాదెలో కొత్తవి పడతాయి. ఊడ్పుల్లో, కోతల్లో పొద్దంతా వంగినవాళ్లు కంచం నిండా తిన్నా సాయంత్రానికి కండరాల్లో చోటయ్యేది. బస్సెక్కి కాలేజీకి వెళ్లొచ్చి, ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లకీ ఇప్పుడు అదే కంచం పెడుతున్నాం.

చోటు దొరకని గ్లూకోజులో కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది. కొంత కొవ్వు అక్కడే పేరుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వెళ్లి పొట్ట లోపల, కండరాల్లో చేరుతుంది. కొవ్వు పట్టిన కండరం ఇన్సులిన్ మాట వినదు. క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి ఎలాగో పని జరిపిస్తుంది. ఇలా ఏళ్లు గడుస్తాయి, పరీక్షల్లో ఏమీ తేలదు. జబ్బు బయటపడేసరికి క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాల సత్తా సుమారు సగం పోయి ఉంటుంది.

"రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, పొద్దున్న షుగర్ ఇంత ఎలా వచ్చింది?" అని మీ మామ్మ అడుగుతుందా? అది పుల్కాల తప్పు కాదు, కాలేయానిది. మనం పడుకున్నప్పుడు మెదడు కోసం కాలేయం కొద్దికొద్దిగా గ్లూకోజు వదులుతుంది. చాలు, ఆపమని ఇన్సులిన్ చెబుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఆపదు.

అన్నం పూర్తిగా మానమని నేననను. అలా మానినవాళ్లు నాలుగు రోజులకే రెట్టింపు ఆకలితో కంచం ముందుకొస్తారు. కంచంలో సగం కూర పెట్టుకోండి. ఆనపకాయ, బీరకాయ, తోటకూర, ములగాకు, ఏదైనా సరే. బంగాళాదుంప వేపుడు మాత్రం ఈ సగంలోకి రాదు, అది అన్నం ఖాతాలోదే. ఒక పావు పప్పో గుడ్డో చేపో. మిగిలిన పావు అన్నం. వండిన అన్నం 150 గ్రాములైతే పిండిపదార్థం 42 గ్రాముల దగ్గర ఆగుతుంది. గ్రౌండులో గంటల కొద్దీ కబడ్డీ ఆడేవాళ్లు ఇంకో రెండు గరిటెలు వడ్డించుకోవచ్చు, వాళ్ల గాదె ఖాళీ అవుతోంది కాబట్టి. తినే వరస కూడా చూసుకోండి. ముందు కూర, పప్పు కాస్త తిని తరవాత అన్నం కలుపుకుంటే పీచు, మాంసకృత్తుల వల్ల పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది, షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు.

చోళ్ల (రాగుల) గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే షుగర్ అనగానే మన వైపు అందరూ చోడి అంబలి మీద పడతారు. మంచి గింజే. 100 గ్రాముల్లో పీచు 11 గ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. కానీ పిండిపదార్థం చోళ్లలోనూ 70 గ్రాముల దరిదాపుల్లో ఉంది. మెత్తగా ఆడించిన పిండిని పలచగా జావ కాచి, బెల్లం వేసి రెండు గ్లాసులు తాగితే నమిలే పని లేదు, అరగడానికి సేపూ పట్టదు. షుగర్ జోరుగానే పెరుగుతుంది. పిండి కాస్త బరకగా ఆడించుకుని, మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుని, ఒక్క గ్లాసు తాగండి. అన్నానికి బదులుగా తాగాలి సుమా, అన్నం తిన్నాక పైన కాదు. బెల్లంలోనూ చాలావరకు ఉండేది చక్కెరే.

ఉలవల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతోంది. ఉలవచారు మనం జుర్రుకుని, ఉడికిన ఉలవలు పశువులకు పెడతాం. 100 గ్రాముల ఉలవల్లో మాంసకృత్తులు 20 గ్రాములు పైనే. అవీ, పీచూ చాలావరకు గింజలోనే ఉండిపోతాయి. గుగ్గిళ్లు చేసుకుని తినండి. అయితే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పిల్లలకు ఒక మాట: ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పప్పులు, గుడ్లు పెంచాలంటే డాక్టరుని అడిగాకే.

కూల్‌డ్రింకు మాత్రం మానెయ్యండి. 250 మిల్లీలీటర్ల సీసాలో పంచదార సుమారు 26 గ్రాములు, అయిదు చెంచాల పైమాటే. పంచదారలో సగం ఫ్రక్టోజు, అది ఎక్కువగా కాలేయానికే చేరి అక్కడ కొవ్వును పెంచుతుంది. చెరకు రసానిదీ ఇదే దారి. పనస తొనలు నాలుగు నమిలి తింటే ఇబ్బంది లేదు.

తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడవండి. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. వారంలో రెండు మూడు రోజులు గుంజీలు, బరువులు కూడా ఉండాలి, కండ పెరిగితే గాదె పెద్దదవుతుంది. కరణం మల్లీశ్వరి పెరిగిన ఉత్తరాంధ్ర పిల్లలకు బరువులెత్తమని వేరే చెప్పాలా! చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్నవాళ్లతో తిండి, నడక మార్పించి చూసింది. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. సుమారు మూడేళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. చిత్రమేమంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. అందుకే తూకం యంత్రాన్నే నమ్ముకోవద్దు.

దానికంటే దారం నయం. గోడకు నిలబడి మీ ఎత్తుకి సరిగ్గా దారం తెంపండి. సగానికి మడిచి, ఊపిరి మామూలుగా వదిలి, బొడ్డు మీదుగా నడుం చుట్టూ తిప్పండి. కొసలు కలవకపోతే సన్నగా కనిపించే పిల్లల్లోనూ పొట్ట లోపల కొవ్వు చేరుతోందని అనుమానించాలి. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారిందేమో కూడా చూడండి. అది మురికనుకుని అమ్మలు సబ్బుతో రుద్దుతారు, అది ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందనడానికి తరచుగా కనిపించే గుర్తు అది.

ఈ రెండిట్లో ఏది కనిపించినా, అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా పరీక్ష చేయించుకోండి. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 అంచు, 126 గానీ ఆపైన గానీ ఉంటే ఇంకోసారి చేయించి రూఢి చేసుకోవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉండాలి, 6.5 గానీ ఆపైన గానీ అయితే షుగరే. పరగడుపు అంటే ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. ల్యాబుకి వెళ్తూ దారిలో టీ తాగారంటే ఆ అంకె ఎందుకూ పనికిరాదు, మర్నాడు మళ్లీ వెళ్లండి.

మీ తాతయ్య