కమ్యూనిటీ కాలేజీలో మాన్యుఫ్యాక్చరింగ్ టెక్నాలజీ: మనవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలో కార్ల విడిభాగాలు తయారుచేసే ప్లాంటులో మాన్యుఫ్యాక్చరింగ్ ఇంజినీరుగా పనిచేస్తూ, సాయంత్రాలు మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల డిగ్రీలిచ్చే స్థానిక కాలేజీ) మాన్యుఫ్యాక్చరింగ్ టెక్నాలజీ చెబుతుంటాను. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా పిల్లల చదువుల మాట రాకుండా ఉండదు, అందులో కమ్యూనిటీ కాలేజీ ప్రస్తావన వస్తే మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతారు. అదే పిల్లలు హైస్కూల్లో ఫస్ట్ (FIRST) అనే రోబోటిక్స్ పోటీల టీములో చేరి రాత్రి తొమ్మిదింటి దాకా రోబో బిగిస్తుంటే ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేదీ మనమే! ఇంకోవైపు ఇండియా నుంచి ఫోన్ చేసి "ఫీజు తక్కువట కదా అన్నా, మావాణ్ణి అందులో చేర్పిస్తాం" అనేవాళ్లూ ఉన్నారు. ఆ చిన్నచూపు ఎంత తప్పో ఈ ధీమా కూడా అంతే తప్పు, అందుకే రెండింటి గురించీ రాస్తున్నా.

అపోహ: ఎక్కడా సీటు రానివాళ్లు చేరేది, వెల్డింగ్ నేర్పి పంపిస్తారు

వెల్డింగ్ వేరే ప్రోగ్రాం, అదీ చిన్న విద్యేం కాదు. మాది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, సుమారు 60 క్రెడిట్లు. కాలేజీని బట్టి కోర్సుల పేర్లు మారతాయి గానీ డ్రాయింగులు చదవడం, టాలరెన్సులు (కొలతలో ఎంత తేడా చెల్లుతుందన్న హద్దు), క్యాడ్ (కంప్యూటర్ మీద డిజైన్), క్యామ్ (ఆ డిజైన్ నుంచి మెషిన్ ప్రోగ్రాం తయారుచేయడం), సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మెషిన్లు, మెటీరియల్స్, కొలతలు, పీఎల్‌సీ (మెషిన్లని నడిపే చిన్న కంప్యూటర్), రోబో ప్రోగ్రామింగ్, క్వాలిటీ కంట్రోల్ దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. డిజైన్ ఇంజినీరు డ్రాయింగులో ఒక రంధ్రం గీసి పంపుతాడు. ఆ ముక్కని ఏ వైపు పట్టుకోవాలి, ఏ ముఖం ముందు కోయాలి, ఫిక్చర్‌లో (ముక్కని కదలకుండా పట్టే చట్రం) పిన్నులు ఎక్కడ పెడితే మొదటి ముక్క, వెయ్యో ముక్క ఒకేలా కూర్చుంటాయి, ఇదంతా తేల్చేది మాన్యుఫ్యాక్చరింగ్ వాళ్లు.

ఒక్క ఉదాహరణ చెబుతా. 100 మిల్లీమీటర్ల పొడవుండాల్సిన అల్యూమినియం ముక్కని స్టూడెంట్ మెషిన్ మీద కోసి, ఇంకా వేడిగా ఉండగానే మైక్రోమీటర్ పెట్టి చూస్తాడు, సరిగ్గా 100 వస్తుంది, సంతోషంగా పక్కన పెట్టేస్తాడు. మర్నాడు ఇన్‌స్పెక్షన్ గదిలో అదే ముక్క తక్కువ చూపిస్తుంది. డ్రాయింగ్ మీద కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్క, అంటే ఇక్కడి లెక్కలో 68 డిగ్రీల ఫారన్‌హీట్. ముక్క అంతకన్నా పది డిగ్రీలు వేడిగా ఉంటే 100 మిల్లీమీటర్ల అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పెరుగుతుంది. టాలరెన్స్ ప్లస్ ఆర్ మైనస్ 10 మైక్రాన్లే అయితే ఆ ముక్క స్క్రాప్ డబ్బాలోకే. ఫిజిక్సు పుస్తకంలో వ్యాకోచం అని మార్కుల కోసం చదివిన పాఠం ఇక్కడ చేతికి తగులుతుంది, ఒకసారి తగిలిందంటే ఇక మర్చిపోరు.

అపోహ: లెక్కలు రానివాళ్లకి ఇది సేఫ్

ట్రిగనామెట్రీ లేకుండా మా ల్యాబులో ఒక వారం కూడా గడవదు. అయిదంగుళాల సైన్ బార్ (కచ్చితమైన కోణం పెట్టే పరికరం) మీద 30 డిగ్రీల కోణం పెట్టాలంటే ఒక చివర కింద ఎంత ఎత్తు గేజ్ బ్లాకులు (కచ్చితమైన కొలత గల లోహపు దిమ్మెలు) పెట్టాలి? అయిదు ఇంటూ సైన్ 30, అంటే రెండున్నర అంగుళాలు. వృత్తం మీద సమదూరంలో ఆరు రంధ్రాలు వేయాలంటే ప్రతి రంధ్రానికీ ఎక్స్, వై కొలతలు కావాలి, అక్కడ మళ్లీ సైన్లు, కొసైన్లే. మెషినే లెక్క కట్టేస్తుంది కదా అంటారు, నిజమే, కానీ అది తప్పు అంకె చూపించినప్పుడు తప్పని పట్టుకోవాల్సింది మనిషే. క్వాలిటీ క్లాసులో స్టాటిస్టిక్స్ ఉంటుంది. బ్యాచిలర్స్ దాకా వెళ్లాలనుకుంటే క్యాల్క్యులస్ తప్పదు. స్కూల్లో లెక్కలంటే భయపడ్డ పిల్లలు ఇక్కడ కుదురుకోవడం నేను చూస్తుంటాను, ఎందుకంటే జవాబు తప్పైతే రంధ్రం పక్కకి పోతుంది, కళ్లముందే కనిపిస్తుంది. కానీ లెక్కలు తప్పించుకోవడానికే చేరితే మాత్రం మొదటి సెమిస్టర్లోనే ఇబ్బంది పడతారు.

అపోహ: ప్రమాదం, మురికి, అమ్మాయిలకి కుదరదు

తల్లుల టెన్షన్ నాకు అర్థమవుతుంది. మొదటి రోజు చెప్పేది భద్రతే: సేఫ్టీ కళ్లద్దాలు లేకుండా ల్యాబులో అడుగు పెట్టకూడదు, ఉంగరాలు, గాజులు తీసేయాలి, జుట్టు ముడి వేసుకోవాలి, తిరుగుతున్న స్పిండిల్ (మెషిన్‌లో గిరగిరా తిరిగే ఇరుసు) దగ్గర గ్లోవ్స్ వేసుకోకూడదు. గ్లోవ్స్ కాపాడతాయి కదా అని అందరూ అడుగుతారు. తిరిగే మెషిన్ గ్లోవ్‌ని పట్టేసుకుంటే దాంతోపాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది. ఇప్పటి సీఎన్‌సీలు చాలావరకు తలుపులు మూసుకుని పనిచేస్తాయి, బరువులెత్తడానికి హాయిస్టులుంటాయి. ఇక అమ్మాయిలకి కుదరదన్న మాటకి నాకు ఏ ఆధారమూ కనిపించలేదు.

అపోహ: రోబోలు వచ్చేశాయి, ఇక మనుషులతో పనేముంది

ముక్క పెట్టి బటన్ నొక్కడం ఒక్కటే తెలిసినవాళ్లకి పని తగ్గుతోంది, అది నిజం. కానీ ముక్క రెండు మిల్లీమీటర్లు పక్కకి కూర్చుందనుకోండి, రోబో ఆగిపోతుంది, లైనంతా ఆగుతుంది. అప్పుడు టీచ్ పెండెంట్ (రోబోని నడిపే చేతి రిమోట్) పట్టుకుని లోపం గ్రిప్పర్‌లో (ముక్కని పట్టే రోబో చెయ్యి) ఉందా, సెన్సర్‌లో ఉందా, అసలు వచ్చిన క్యాస్టింగే (పోత పోసిన ముక్కే) వంకరా అని తేల్చేవాళ్లు కావాలి. మా కోర్సు తయారుచేసేది వాళ్లనే.

అపోహ: రెండేళ్లయ్యాక ఎలాగూ యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరిపోవచ్చు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు, రాష్ట్రమంతా ఒకటే పద్ధతి. ఇక్కడ అలా కాదు. అసోసియేట్ డిగ్రీల్లోనే రకాలున్నాయి: ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) ముఖ్యంగా యూనివర్సిటీకి మారాలనుకునేవాళ్ల కోసం, ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) ముఖ్యంగా నేరుగా ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం. ఏఏఎస్‌లో చేసిన సీఎన్‌సీ, వర్క్‌షాప్ క్రెడిట్లని మామూలు మెకానికల్ ఇంజినీరింగ్ డిపార్టుమెంటు చాలాసార్లు లెక్కలోకి తీసుకోదు. ఏ యూనివర్సిటీతో మీ కాలేజీకి ట్రాన్స్‌ఫర్ ఒప్పందం ఉంది, ఏ కోర్సుకి బదులు ఏది ఇస్తారు, ఇవి చేరకముందే కాగితం మీద చూడండి, అడ్వైజర్ నోటిమాట సరిపోదు.

ఇంకోటి, యాబెట్ (ఇంజినీరింగ్, టెక్నాలజీ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందంటే సరిపోదు, అందులోని ఏ కమిషన్ (విభాగం) ఇచ్చిందో కూడా చూడాలి. ఇంజినీరింగ్ డిగ్రీలకి ఈఏసీ, ఇంజినీరింగ్ టెక్నాలజీ డిగ్రీలకి ఈటాక్, రెండూ వేర్వేరు. ప్లాంటు ఉద్యోగాల్లో ఈ తేడా అంతగా అడ్డం రాదు. కానీ రేపు ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్స్ కావాలంటే టెక్నాలజీ బ్యాచిలర్స్‌తో కొన్ని రాష్ట్రాలు అనుమతిస్తాయి, కొన్ని అనుమతించవు. ఇది ముందే చూసుకోండి.

అపోహ: ఫీజు తక్కువ, ఇండియా నుంచి వచ్చి చదివేసి ఉద్యోగం కొట్టొచ్చు

ఆ తక్కువ ఫీజు స్థానికులకి. టెన్నెసీలో అయితే 2015 నుంచి హైస్కూల్ ముగించిన స్థానిక పిల్లలకి కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ ఉచితం. బయటి దేశం నుంచి వచ్చేవాళ్లకి సాధారణంగా వేరే రేటు, చాలా ఎక్కువ. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద అసోసియేట్ డిగ్రీ చేస్తే 12 నెలల ఓపీటీ (చదువు సంబంధిత పని చేసుకునే అనుమతి) వస్తుంది, కానీ ఆపైన సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులకి ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు రాదు, దానికి కనీసం బ్యాచిలర్స్ ఉండాలి. హెచ్-1బీకి (ఉద్యోగ వీసా) కూడా బ్యాచిలర్స్ స్థాయి అడుగుతారు. పైగా విమాన, రక్షణ రంగ విడిభాగాలు చేసే షాపుల్లో ఐటార్ (రక్షణ రంగ వస్తువులు, సమాచారం విదేశీయుల చేతికి వెళ్లకుండా చూసే అమెరికా చట్టం) నిబంధనల వల్ల ఆ పనుల్లోకి మామూలుగా సిటిజన్లని, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనే తీసుకుంటారు. ఇవేవీ చెప్పకుండా "అడ్మిషన్ ఇప్పిస్తాం" అనే కన్సల్టెన్సీలకి డబ్బు కట్టకండి. అప్పు చేసి మరీ పిల్లల్ని పంపే ఇళ్లున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇప్పటికే ఇక్కడున్న కుటుంబాల సంగతి వేరు. హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవాళ్ల భార్య, భర్త, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్లు స్టేటస్ మార్చుకోకుండానే చదువుకోవచ్చు, సెమిస్టర్‌కి ఒక్క కోర్సు చేసినా చాలు. ఇండియాలో మెకానికల్ చదివి, ఇక్కడ ఇంట్లో ఉండిపోయినవాళ్లు ముందు జీడీ అండ్ టీ (డ్రాయింగులో ఆకారం, టాలరెన్సులు చూపే గుర్తుల పద్ధతి) కోర్సో, మెట్రాలజీ (కొలతల శాస్త్రం) కోర్సో తీసుకుంటే ఇక్కడి డ్రాయింగుల పద్ధతి, అంగుళాల లెక్క అలవాటవుతాయి. కానీ ఈఏడీ (పనిచేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి కార్డు) చేతికొచ్చేదాకా జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ గానీ అప్రెంటిస్‌షిప్ గానీ చేయకూడదు, హెచ్-4 మీద ఉన్న పిల్లలకీ అంతే. ఆ పిల్లలకి 21 నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కి మారాల్సి వస్తే ఫీజు రేటు మారుతుందా అన్నది కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఏడాది ముందే అడిగి పెట్టుకోండి.